టింగుమన్నప్పుడల్లా

టైపు టీచరుకి ఉన్న జబ్బు ఒక్కటే. మనిషి ఎదురైతే మొహం చూడదు, వేళ్ళు చూస్తుంది. చూసి ఊరుకున్నా బాగుండును. పన్ను పీకే డాక్టరు ఆవిడ నోట్లో పనిముట్టు పెట్టి ఉండగానే, "మణికట్టు కాస్త ఎత్తండి" అని సైగ చేసింది ఒకసారి. ఆయన ఎత్తాడు కూడా. ముప్పై ఎనిమిదేళ్ళు ఐదు మిషన్ల మధ్య బెత్తంతో తాళం వేస్తూ తిరిగిన మనిషి కదా, ఎవరైనా సరే ఆవిడ మాట వినేదాకా వదలదు.

టైపు మిషను ఎరగని వాళ్ళకోసం ఒక్క సంగతి చెప్పాలి. లైను చివరికి వస్తుంటే అందులో చిన్న గంట 'టింగ్' మంటుంది. అనగానే ఎడమచెయ్యి పైకి లేచి, అక్కడున్న కడ్డీ పట్టుకుని కాగితం మోసే బండిని కుడివైపుకి తోసెయ్యాలి. అప్పుడు గానీ కొత్త లైను మొదలవదు. నేర్చుకునే రోజుల్లో ఇది గుర్తుపెట్టుకోవడం కష్టం. నేర్చాక మరిచిపోవడం అసాధ్యం. మనిషి ప్రమేయం లేకుండానే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

అంతటి టీచరుకి ఇప్పుడొక మనవరాలు కొరుకుడు పడటం లేదు. పదిహేనేళ్ళ పిల్ల, కూతురి కూతురు. నోరు మూతపడదని ఇంట్లో దాని పేరే 'గలగల' అయిపోయింది. అలాంటిది ఇరవై మూడు రోజులుగా 'ఊ', 'ఊహూ' తప్ప మూడో మాట లేదు. పక్కింటి పిల్ల బొద్దు, దీని ప్రాణస్నేహితురాలు, వాళ్ళ నాన్నకి బదిలీ అయి ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచీ ఇదీ వరస. స్కూలు వదలగానే బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న ఆటల హాలుకి పోవడం, చీకటి పడ్డాక ఇంటికొచ్చి కంచం ముందు మౌనంగా కూర్చోవడం.

గలగల తల్లి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానపడుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుంది గానీ, కడుపున పుట్టినదాని మొహంలో ఏముందో మాత్రం అంతుపట్టలేదు. తప్పంతా హాలుదేనని తేల్చేసింది. భర్తని అడుగుదామంటే ఆయన రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగి, ఇంట్లోకంటే పట్టాలమీదే ఎక్కువ.

"చూడమ్మా," అంది టీచరుతో ఆదివారం పొద్దున్న. "ఈ వారం నీకప్పగిస్తున్నా. రోజూ నువ్వే వెళ్ళి దాన్ని ఆరింటికల్లా ఇంటికి తీసుకురా. దారికొచ్చిందా సరే. లేదా, వచ్చే సోమవారం నుంచి అది ఆ హాలు గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

"నేనెళ్ళి చెవి పట్టుకుని లాక్కొస్తాగా," అంది టీచరు ధీమాగా.

పైకి అలా అంది గానీ లోపల బెంగ వేరే ఉంది. చెవి పట్టుకుని లాక్కురావడం ఎంతసేపు? లాక్కొచ్చాక ఆ 'ఊ' కూడా అనడం మానేస్తే? రాత్రుళ్ళు పక్కన పడుకుని కబుర్లు చెప్పి చెప్పి నిద్రపోనివ్వని పిల్ల అది. ఆ గోల లేక ఇరవై మూడు రోజులుగా ఆవిడకి నిద్ర సరిగా పట్టడం లేదు. ఈ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు, అంతే.

సోమవారం ఐదున్నరకి మెట్లెక్కింది. హాలు నిండా చెవులు పగిలే మోత. కౌంటరు దగ్గర కూర్చున్న ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని పుస్తకం చదువుకుంటోంది. గోడవారగా బీరువా అంత మిషను, దాని ముందు గలగల. తెర మీద పైనుంచి రంగురంగుల దీపాలు జారుతున్నాయి. కిందనున్న గీతని దీపం తాకేసరికి అదే రంగు బటన్ నొక్కాలి. పాట తాళంతో కలిస్తే మిషను మెచ్చుకుంటుంది, తప్పితే 'మిస్' అని మొహం మీదే చెబుతుంది.

మిషను ఇద్దరిది. ఎడమవైపు ఐదు బటన్లు, కుడివైపు ఐదు. పిల్ల ఎడమవైపు నిలబడి ఆడుతోంది. కుడివైపు ఎవరూ లేరు. అటు దీపాలు మాత్రం వాటిపాటికి అవి జారుతూనే ఉన్నాయి. ఎవరూ నొక్కకపోవడంతో 'మిస్, మిస్, మిస్' అని ఎర్ర అక్షరాలు పడుతూనే ఉన్నాయి.

టీచరు చెవి పట్టుకుందామనే మూడడుగులు ముందుకేసింది. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఆవిడ కన్ను పిల్ల చెవి దగ్గరకి వెళ్ళకుండా వేళ్ళ మీద వాలింది. చూపుడువేలు, మధ్యవేలు చచ్చేట్టు పనిచేస్తున్నాయి. పక్కవేలు హాయిగా గాల్లో తేలుతోంది. ఒక నిమిషం ఓర్చుకుంది. రెండో నిమిషం పళ్ళ బిగువున ఓర్చుకుంది. మూడో నిమిషం ఇక ఆవిడ వల్ల కాలేదు.

"ఉంగరం వేలు నిద్రపోతోంది," అంది.

పిల్ల వెనక్కి తిరక్కుండానే, "ఊ," అంది.

"ఊ కాదు. పచ్చ బటన్‌కి చూపుడువేల్ని అంతదూరం పరిగెత్తిస్తావేం? ఉంగరం వేలు పక్కనే ఉందిగా, ఖాళీగా!"

గలగల గిరుక్కున తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అంత తెలిస్తే నువ్వే కొట్టి చూపించు అమ్మమ్మా! వచ్చి నిలబడి పేర్లు పెట్టడం కాదు!"

ఇంకొకరైతే పెద్దంతరం చిన్నంతరం లేదా అని మండిపడేవారు. టీచరుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. రెండు వాక్యాలు! ఇరవై మూడు రోజుల తర్వాత పూర్తి వాక్యాలు రెండు! మూడోది కూడా వినాలన్న ఆశతో చేతిసంచీ కింద పెట్టి కుడివైపు ఖాళీలో నిలబడింది.

పాట మొదలైంది. మొదట్లో నాలుగు దీపాలు చేజారాయి. తర్వాత ఆవిడకి మర్మం తెలిసింది. ఇందులో కొత్తేముంది? కళ్ళు చూడాల్సింది చూస్తాయి, వేళ్ళు కొట్టాల్సింది కొడతాయి. కిందకి చూస్తే బెత్తం దెబ్బ. ఈ పాఠం ఎన్ని వేలమందికి చెప్పలేదు! వేళ్ళు కదిలాయి. మిషను ఒకటే మెచ్చుకోలు. పిల్ల ఆట ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది. టీచరు కళ్ళు నెత్తికెక్కుతున్నాయి.

సరిగ్గా అప్పుడు పాటలో ఎక్కడో గంట మోగింది. టింగ్!

ఎడమచెయ్యి లేచింది. లేని కడ్డీని పట్టుకుంది. లేని బండిని బలంగా కుడివైపుకి తోసింది. మిషను అంచున పెట్టిన గలగల మంచినీళ్ళ సీసా ఎగిరి కౌంటరు ఆవిడ పుస్తకం మీద పడింది. తెర మీద 'మిస్'.

తర్వాత గలగల నవ్వింది. పొట్ట పట్టుకుని, మిషనుకి ఆనుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. "ఏం చేశావమ్మమ్మా! ఎవర్ని తోశావ్?" అని అడుగుతూ మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు వినేసరికి టీచరుకి ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపుని మింగేసి, "ఇంకోసారి పెట్టు," అంది.

ఆ రోజు ఇంటికి చేరేసరికి ఆరుంబావు. మంగళవారం ఆరున్నర. బుధవారం ఏడు.

"లిఫ్ట్ ఆగిపోయిందే," అంది టీచరు కూతురితో.

"రెండో అంతస్తుకి లిఫ్టెందుకమ్మా నీకు?"

"మోకాళ్ళు," అని నీళ్ళు నమిలింది.

పిల్ల సంతోషం కోసమే ఆడుతున్నానని తనకి తాను నచ్చజెప్పుకుంది. మొదటిరోజు అది నిజమే. గురువారం నాటికి మాత్రం శుద్ధ అబద్ధం. పొద్దున్నే వంటింటి గట్టు మీద వేళ్ళు ఆడుతున్నాయి. టైపు క్లాసులో విద్యార్థులకి కొత్త తాళం మొదలైంది. 'టక టక్కట టక' అని బెత్తం వేస్తుంటే పాపం, ఉద్యోగ పరీక్షకి తయారవుతున్న నలుగురూ బిక్కమొహాలు వేసుకుని దరఖాస్తు నమూనాలన్నీ ఆ వరసలోనే కొట్టారు. ఐదు కొట్టగానే ఇన్‌స్టిట్యూట్‌కి తాళం పడిపోతోంది. ఇన్నేళ్ళలో ఆవిడ క్లాసు మధ్యలో గడియారం చూసింది లేదు. ఇప్పుడు విద్యార్థులకంటే ముందు ఆవిడే చూస్తోంది.

మెట్లెక్కుతూ దిగుతూ గలగల కబుర్లు కొద్దికొద్దిగా తిరిగొచ్చాయి. ఆ పాట తనూ బొద్దూ కలిసి ఆడేవాళ్ళట. ఇరవై నాలుగుసార్లు గంట మోగే పాట. ఒక్క మిస్ లేకుండా పూర్తిచేస్తే మిషను ఇద్దరి పేర్లూ తెర మీద పెడుతుందట. ఇంకొక్క వారం ఉంటే సాధించేవాళ్ళట, ఈలోగా లారీలో సామాన్లు ఎక్కేశాయి.

"మరి ఒక్కదానివే ఎందుకాడుతున్నావే, అటువైపు ఎవరూ లేకుండా?"

"ఇంట్లో కూర్చుంటే అది వెళ్ళిపోయినట్టుంటుంది," అంది పిల్ల. "ఇక్కడైతే రావడం ఆలస్యమైనట్టుంటుంది."

టీచరు మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని మిగతా మెట్లు దిగింది.

కానీ పాట ఎలా పూర్తవుతుంది? ఇరవై నాలుగు టింగులకీ ఇరవై నాలుగు సార్లు ఎడమచెయ్యి గాల్లోకి పోతోంది. గంట మోగిన మరుక్షణమే ఆవిడ ఎడమ చివర ఎర్ర దీపం పడుతుంది. కొట్టాల్సిన చెయ్యి అక్కడ ఉండదు. నడుముకి కొంగు బిగించినట్టే చేతిని కూడా సంచీతాడుతో బిగించి చూసింది. సంచీ కూడా లేచింది. సీసాలు గెంతుతున్నాయని కౌంటరు ఆవిడ తన కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

"నా వల్ల నీ పాట చెడిపోతోందే," అంది శుక్రవారం, చెయ్యి వంక అసహ్యంగా చూసుకుంటూ. "ఈ ముదనష్టపు చెయ్యి ఇక మారదు."

గలగల ఆ చెయ్యి పట్టుకుంది. "మార్చుకోవద్దులే అమ్మమ్మా. పోనీ దాన్ని. నీ ఎర్ర బటన్ నా పక్కనేగా ఉంది, అది నేను కొడతాను."

"అదే క్షణంలో నీ వైపు పచ్చ పడుతుందిగా, అదెవరు కొడతారు?"

"పోతే పోతుంది," అంది పిల్ల భుజాలెగరేసి. నెల రోజులు ఆ ఒక్క పాట కోసం ప్రాణం పెట్టిన పిల్ల ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో టీచరుకి అర్థమైంది. తను తప్పిన తాళాన్ని పిల్ల మోస్తోంది.

శనివారం కళ్ళజోళ్ళ షాపు ఐదున్నరకే మూసేశారు. లిఫ్ట్ సంగతేమిటో తేల్చుకుందామని కూతురు బయల్దేరింది. ఆ భవనంలో అసలు లిఫ్టే లేదన్న విషయం మెట్ల దగ్గరే తేలిపోయింది. రెండో అంతస్తుకి చేరేసరికి కోపం నసాళానికంటింది.

లోపలికి వచ్చి చూసింది. కన్నతల్లి, కన్నకూతురు మిషను ముందు పక్కపక్కన నిలబడి ఊగిపోతున్నారు. అరవై మూడేళ్ళావిడ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. పదిహేనేళ్ళది ఒకటే వాగుడు. "వస్తోంది వస్తోంది, రెడీయా అమ్మమ్మా, పోనివ్వు చేతిని!" అని అరుస్తోంది.

సరిగ్గా వాళ్ళ వెనక్కి వచ్చి, భుజాన సంచీతో, తిట్టడానికి నోరు తెరిచింది కూతురు. "అమ్మా! ఇదా నువ్వు..."

టింగ్!

టీచరు ఎడమచెయ్యి లేచి కుడివైపుకి ఊగింది. గలగల చెయ్యి గబుక్కున వచ్చి ఎర్ర బటన్ నొక్కింది. వెనకాల ఏదో దబ్బున పడింది. ఇద్దరూ తిరిగి చూశారు. సంచీ నేలమీద ఉంది. సానపట్టిన అద్దాల డబ్బా దొర్లుతోంది. కూతురి ఎడమచెయ్యి లేని బండిని తోసేసి, ఇంకా గాల్లోనే ఉంది. పదేళ్ళ వయసునుంచి పెళ్ళయ్యేదాకా తల్లి దగ్గరే కిటికీ పక్క మిషను మీద నేర్చుకున్న మనిషి మరి. ఆ టకటకలంటే తలనొప్పని నలుగురిలో చెప్పుకు తిరుగుతుంది గానీ, చేతికి ఆ సంగతి తెలియదు.

"అమ్మా, నువ్వూనా!" అంది గలగల.

"ఏం లేదు, దోమ," అంది తల్లి చెయ్యి దించుకుని. తేలుకుట్టిన దొంగలా వంగి సంచీ తీసుకుంది, డబ్బా ఏరుకుంది. లేచి మొహం గంభీరంగా పెట్టింది. "చాలించండి ఇక. ఇంటికి పదండి ఇద్దరూ. సోమవారం నుంచి..."

పాట ఆగలేదు. ఇద్దరి చేతులూ ఆగలేదు. ఆవిడ చెబుతూ చెబుతూ తెర వైపు చూసింది. మళ్ళీ గంట, మళ్ళీ రెండు చేతులు ఎగరడం, మళ్ళీ ఎర్ర బటన్. ఈసారి ఆవిడ సంచీ గట్టిగా పట్టుకుంది కాబట్టి కిందపడలేదు. వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళు కదా, తెర మీద ఒకచోట ఆగాయి. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆగు. గంట మోగినప్పుడల్లా ఒక పచ్చది వదిలేస్తున్నారు," అంది. "చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తారు? అంత ఎదురుగా ఉంటేనూ!"

టీచరు, మనవరాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ గొంతు టీచరుకి బాగా తెలుసు. సోమవారం ఐదున్నరకి తన నోట్లోంచి వచ్చిన గొంతే అది. పేర్లు పెట్టడంతో మొదలై అది ఎందాకా పోతుందో కూడా తెలుసు. పాట తప్పిపోతోందని తెలిసీ ఆవిడ ఆట ఆపి, అరడుగు కుడికి జరిగింది. పిల్ల అరడుగు ఎడమకి జరిగింది. ఇద్దరి మధ్యా సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

"అంత తెలిస్తే నువ్వే కొట్టి చూపించమ్మా," అంది గలగల.

తల్లి అటూ ఇటూ చూసింది. కౌంటరు ఆవిడ కూడా పుస్తకం మూసి చూస్తోంది. సంచీ మెల్లగా నేలమీద పెట్టి ఆ చోట్లోకి వచ్చి నిలబడి, పచ్చ బటన్ మీదకి చెయ్యి చాపింది.

టీచరు ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

"కుడిచెయ్యి పెట్టవే," అంది. "ఎడమచేతుల విషయంలో మనింట్లో ఎవర్నీ నమ్మడానికి లేదు."