శవం తుమ్మిన రోజు

సుభానీ మళ్లీ తుమ్మాడు. చచ్చిపడున్న మనిషి తుమ్మితే ఎవరికి నవ్వు రాదు? పక్కన కూర్చుని ఏడవాల్సిన మాలిక్ పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"కట్!" అని అరిచింది బిందుమాధవి. ఆమెకీ నవ్వాగలేదు.

పిడుగురాళ్ల దగ్గర మిరప కల్లంలో ఆమె తీస్తున్నది యుద్ధం సినిమా. సైనికులు ఊరిని తగలబెట్టాక ఒక్క పిల్లాడు మిగులుతాడు. తెల్లారేసరికి వాడిలో పసితనం చచ్చిపోవాలి. ఆ వేషం పదేళ్ల మాలిక్‌ది. తండ్రి శవంగా వాడి సొంత తండ్రి సుభానీనే, మిగతా శవాలుగా ఊళ్లోవాళ్లని పడుకోబెట్టింది. మిరప ఘాటు సంగతి మాత్రం ఆలోచించలేదు.

పొద్దు వాలుతోంది. కెమెరామన్ అష్రఫ్ ఆమెను పక్కకి పిలిచాడు.

"మేడమ్, వీడు ఇలాగైతే ఏడవడు. సుభానీని అవతలికి పంపి, వాళ్ల నాన్నకి యాక్సిడెంటయిందని వాడికి చెబుదాం. కెమెరా ఆన్‌లో ఉంచుతా. ఒక్క నిమిషమే కదా!"

ఆ షాట్ ఆమె కళ్లముందు మెదిలింది. ఎంత బాగా వస్తుందో తెలిసి, తనమీద తనకే భయమేసింది.

"పిల్లల్ని ఇలా చెయ్యకూడదనే కదా అష్రఫ్ మనం సినిమా తీస్తోంది? వద్దు. షాట్ రాకపోతే పోనీ."

వెళ్లి మాలిక్ పక్కన పట్టా మీద కూలబడింది.

"ఒరేయ్, ఈ కథలో పిల్లాడి గురించి నన్నేమైనా అడగాలనుందా?"

వాడు తల గోక్కున్నాడు.

"రేపు వాడికి అన్నం ఎవరు పెడతారక్కా?"

"నాకూ తెలీదురా" అంది.

సుభానీ ముక్కుల్లో దూది కుక్కుకుని పడుకున్నాడు. కెమెరా ఆన్ కాగానే మాలిక్ తండ్రి ముఖం చూసి, మెల్లగా తలెత్తి కెమెరా వైపు చూశాడు. ఏడవలేదు. ఆ చూపులో మాత్రం పదేళ్ల పిల్లాడు లేడు.

"కట్" అంది బిందుమాధవి.

మరుక్షణం మాలిక్ తండ్రి పొట్టమీదికి దూకాడు. "నాన్నా లే, బిర్యానీ వచ్చేసింది!"

అంతే, చచ్చిన ఊరంతా కేకలేస్తూ లేచింది. బోరు దగ్గర తోసుకుంటూ ఒంటిమీది ఎర్ర రంగు కడుక్కున్నారు. మాలిక్ దోసిటితో నీళ్లు తెచ్చి బిందుమాధవి ముఖాన కొట్టాడు. ఆమె చెప్పులు వదిలేసి వాడి వెంట పడింది.