బ్రహ్మాజీ పూలజడ

మగపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఆడపిల్లలా ముస్తాబు చేసి, పూలజడ వేసి, స్టూడియోలో ఫోటో తీయించకపోతే అంత జుట్టు పెంచి ఏం లాభం అన్నది అంకాలమ్మ వాదన. రేపల్లెలో ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని బేరాలాడే మనిషితో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. ఫోనులో తీసుకుందాంలే అని కొడుకు శివనాగరాజు బాపట్ల నుంచి అననే అన్నాడు. "మీ నాయనకీ తెనాల్లోనే తీయించారు, నీకూ తెనాల్లోనే తీయించాం. నా మనవడికి ఫోనులో తీత్తావా, సిగ్గులేకుండా?" అని ఆవిడ కసిరేసరికి నోరు మూసుకున్నాడు. అతను అక్కడ చేపల వ్యాను నడుపుతాడు. మర్నాడు నేరుగా పెదకాకాని గుడికి వస్తాను, ఫోటో సంగతి మీరే చూసుకోండని తప్పుకున్నాడు.

అలా రాధారాణి అత్తగారితోనూ, నాలుగు నిండిన కొడుకు బ్రహ్మాజీతోనూ రైలెక్కి తెనాలి వచ్చింది. రమ్మన్నారు, వచ్చింది. ఏడాదిన్నరగా ఆమె బతుకంతా అలాగే నడుస్తోంది. వండమంటే వండుతుంది, తినమంటే తింటుంది.

ఏడాదిన్నర కిందట పెద్దపిల్ల లచ్చి జ్వరం వచ్చి పోయింది. వీడికి మూడో ఏట తీయాల్సిన జుట్టు అందుకే ఐదో ఏటికి జరిగింది. రాధారాణి అప్పట్లో అందరు తల్లుల్లాగే ఏడ్చింది. తర్వాత ఒకరోజు ఏడుపు ఆగింది, దాంతోపాటే మిగతావన్నీ ఆగిపోయాయి. పిల్లాడికి వేళకు నీళ్ళు పోస్తుంది, అన్నం కలిపి పెడుతుంది, చొక్కా గుండీలు పెడుతుంది. వాడి మొహంలోకి మాత్రం చూడదు. చూడకూడదన్న పట్టుదలేమీ లేదు. చూపు అటు వెళ్ళబోయి గుండీ దగ్గరో అన్నం ముద్ద దగ్గరో ఆగిపోతుంది, అంతే. వాడి మీద కోపమా అంటే అదీ కాదు. కోపం రావడానికైనా లోపల ఒక మనిషి ఉండాలి కదా.

స్టూడియో మార్కెట్ వీధిలో మేడ మీద. యజమాని రమేష్ బాబు. స్తంభాలూ మెట్లూ పూలకుండీలూ గీసిన తాతల నాటి తెర ఒకటి అటక మీద పడి ఉంటే, జనానికి పాతకాలం ఫోటోల మోజు మళ్ళీ పుట్టాక దులిపి వేలాడదీశాడు. ఇప్పుడు దాని ముందు నిలబెట్టడానికి అమృతలూరు, పొన్నూరు నుంచి కూడా పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారు. పిల్లల్ని ముస్తాబు చేసేది అతని పిన్ని కాంతమ్మ. ఆవిడకి నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు.

"లంగా అద్దెకి తీసుకుంటారా అమ్మా? బాబుకి పసుప్పచ్చది బాగుంటది."

"అద్దెదెందుకు, మాదుంది" అని అంకాలమ్మ సంచిలోంచి ఆకుపచ్చ పట్టులంగా తీసింది. లచ్చిది. అది ఇంకా ఇంట్లో ఉన్నట్టే రాధారాణికి తెలీదు. "మంచి గుడ్డ, ఊరికే పడి ఉండటం దేనికని..." అని గొణుగుతూ ముసలావిడ ఖాళీ సంచిని గుండెలకు అదుముకుంది. ఏం గొడవవుతుందోనని ఆవిడ భయం. గొడవేమీ కాలేదు. రాధారాణి లంగా అందుకుని కొడుక్కి తొడిగి, బొందు బిగించింది. నడుముకి సరిగ్గా సరిపోయింది. ఎప్పుడు ఇంతయ్యాడో అనుకుంది, పక్కింటి పిల్లాడి గురించి అనుకున్నట్టు.

భుజాల దాకా పెరిగిన జుట్టును కాంతమ్మ బిగించి దువ్వి, సవరం కలిపి అల్లి, మీద మల్లెమొగ్గల జడ కట్టింది. పాపిటబిళ్ళ పెట్టింది, కాటుక దిద్దింది. "నేను మగపిల్లోణ్ణి, నాకొద్దు" అని మొదట మెలికలు తిరిగిన బ్రహ్మాజీ, జడ బరువుకి మెడ కదపలేక బుద్ధిగా కూర్చున్నాడు.

ఎదురుగా తీసిన ఫోటోలేవీ కుదరలేదు. పిల్లాడు నవ్వడు. రమేష్ బాబు గిలక్కాయ ఆడించాడు, పిల్లిలా అరిచాడు, చివరికి కోతిలా గోక్కున్నాడు కూడా.

"మీవాడు తాసిల్దారు గారి కంటే సీరియస్‌గా ఉన్నాడండీ. సరే, అద్దం ఫోటో తీద్దాం."

జడంతా పడాలంటే వీపు కెమెరా వైపు ఉండాలి, మొహం అద్దంలో కనపడాలి. పూలజడ ఫోటో అంటే ఈ ఊళ్ళో మొదట్నుంచీ అదే పద్ధతి. నిలువుటద్దం తెచ్చి తెర ముందు పెట్టి, పిల్లాణ్ణి దానివైపు తిప్పి నిలబెట్టాడు. "అమ్మా, మీరొచ్చి నా పక్కన నిలబడండి. మిమ్మల్ని అద్దంలో చూస్తుంటే కదలడు."

రాధారాణి వచ్చి నిలబడి తలెత్తింది. ఎదురుగా లచ్చి ఉంది.

అదే లంగా, అదే ఎత్తు. ఒక కాలి మీద బరువు వేసి నిలబడటం కూడా అదే. అది లచ్చి కాదని ఆమెకు తెలుసు. తెలిసీ చూపు తిప్పుకోలేకపోయింది. తిమ్మిరెక్కిన కాల్లోకి రక్తం మళ్ళుతున్నట్టు లోపలెక్కడో సూదులు పొడవడం మొదలైంది. నొప్పిగా ఉంది. ఆ నొప్పి పోకుండా ఉంటే బాగుండునని ఆశగానూ ఉంది. ఆ వీపునీ, ఆ జడనీ కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయింది.

అద్దంలో బ్రహ్మాజీకి అమ్మ కనపడింది. అమ్మ తననే చూస్తోంది. వాడి మొహమంతా విచ్చుకుంది.

"అదీ! అదీ నవ్వంటే!" రమేష్ బాబు టకటకా నొక్కేశాడు.

పని అయిపోయిందని కాంతమ్మ జడ విప్పబోయింది. బ్రహ్మాజీ జడ చివర రెండు చేతులా పట్టుకున్నాడు. "తియ్యొద్దు."

అందరూ నవ్వారు. "బాబుకి జడ తెగ నచ్చేసింది!" అంది కాంతమ్మ.

"ఒరే బెమ్మాజీ, జడేసుకుని ఊళ్ళోకొత్తావంట్రా? రేపు పెదకాకానిలో గుండు చేయిత్తే..." అనబోయింది అంకాలమ్మ.

"గుండొద్దు!" వాడు బావురుమని తెర వెనక్కి పరిగెత్తాడు. మల్లెమొగ్గలు నేలంతా రాలాయి. అంకాలమ్మ వెంటబడి చెయ్యి పట్టుకుంది. "ఏంట్రా నీ గోల? నీకెందుకురా జడ?"

"జడుంటే అమ్మ నన్ను చూత్తంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రమేష్ బాబు సర్దడానికేమీ లేకపోయినా లైట్లు సర్దసాగాడు. అంకాలమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాధారాణి ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఆమెకి సిగ్గేసింది. తాను చూసింది వాణ్ణి కాదు. వాడు ఏ చూపుకి పొంగిపోయి నవ్వాడో ఆ చూపు వాడి కోసం కాదు. ఈ సంగతి వాడికి ఎప్పటికీ తెలియకూడదని మాత్రం గట్టిగా అనిపించింది. అంత గట్టిగా ఏదైనా అనిపించి చాలా కాలమైంది. నేల మీద చతికిలబడి చేతులు చాపింది.

"రా నాన్నా. నేనే తీత్తా."

"తీసేత్తే చూడవుగా?"

"చూత్తా."

వాడు నమ్మలేదు. నమ్మకపోయినా వచ్చాడు. వాడికి ఇంకో అమ్మ లేదు మరి.

ఒక్కో పిన్నూ తీస్తూ ఆమె వాడి మొహంలోకి చూసింది. చూపు అలవాటుగా చెవి మీదికి జారింది, వెనక్కి తెచ్చుకుంది. మళ్ళీ జారింది, మళ్ళీ తెచ్చుకుంది. నిండు బిందె మోస్తున్నంత కష్టంగా ఉంది. జడ వచ్చేసింది, సవరమూ వచ్చేసింది. జుట్టు మొహం మీద పడితే పక్కకు తోసింది. అక్కడ లచ్చి లేదు. బుగ్గలు వాళ్ళ నాన్నవి. ముక్కు ఎవరిదీ కాదు, వాడిదే. వాడు రెప్ప వేయకుండా ఆమె కళ్ళనే కనిపెట్టుకుని ఉన్నాడు.

గడ్డం మీద తెల్లటి మచ్చ ఉంది, వేలి గోరంత. ఎప్పుడో పడిన దెబ్బ, ఎప్పుడో మానిపోయింది. రక్తం బాగానే కారి ఉంటుంది. రాధారాణి దాన్ని వేలితో తడిమింది.

"ఇదెప్పుడు తగిలిందిరా?"

"బోరింగు కాడ పడ్డాగా" అన్నాడు బ్రహ్మాజీ. "నీకు చూపించాగా అమ్మా."