అమ్మేవాళ్లు లేని షేరు

గడియారాలు బాగుచేసే ఆ కొట్లో నలుగురు కూర్చుంటే ఐదోవాడు మోకాళ్లు ముడుచుకోవడానికి కూడా చోటుండదు. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడే చేరతారు. కొట్టు గడియారాలాయనది. మిగతా ముగ్గురూ పక్క సందులో మందుల షాపాయన, ఎదురు మేడమీద బట్టలు కుట్టే టైలరమ్మ, రిటైరైన లెక్కల మాస్టారు. నలుగురికీ ఒకటే పిచ్చి, చిన్న కంపెనీల షేర్లు. అందులోనూ సీసాలకు మూతలు చేసే ఓ బుల్లి కంపెనీ అంటే ప్రాణం.

ఆ షేరు మీద వాళ్లకో కట్టుబాటుంది. మిగతావాళ్లకు చెప్పకుండా ఎవరూ ఒక్క షేరు కూడా అమ్మకూడదు. ఒకరు అమ్మితే ధర కుప్పకూలి అందరి నెత్తినా పడుతుందని భయం. ఎవరూ అమ్మరు కాబట్టి షేరు దొరకదు, దొరకదు కాబట్టి ధర పెరుగుతుంది, పెరిగింది కాబట్టి తామంతా మహా తెలివైనవాళ్లమని మురిసిపోతారు. ఏం మురిపెమో ఏమో!

ఈ ఆదివారం మాస్టారు ఫోను చూస్తూ చూస్తూ కళ్లజోడు సవరించుకున్నాడు. "కంపెనీ ఆడిటరు రాజీనామా చేశాట్ట. సొంత కారణాలట."

లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాల్సిన మనిషి, సంతకం పెట్టకుండానే తప్పుకున్నాడన్న మాట. గడియారాలాయన గుండెల్లో రాయి పడింది.

"పాపం, ఒంట్లో బాగోలేదేమో," అన్నాడు మందుల షాపాయన.

"బాగోలేనిది ఆయనకా, కంపెనీకా?" అంది టైలరమ్మ. "లాభం లాభం అంటారు, చేతికి డబ్బొచ్చినట్టు ఎక్కడా కనబడదు. జాకెట్టు కుట్టి అప్పు మీద పంపించేసి, అదే లాభమని నేను చంకలు గుద్దుకుంటానా?"

"అబ్బ, మీ నోట శుభం రాదు కదమ్మా!"

మాస్టారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "కంగారు పడొద్దు. ఒకరు కంగారు పడి అమ్మారా, నలుగురం మునుగుతాం. మాట మీద ఉందాం."

అమ్మనంటే అమ్మనని ముగ్గురూ అన్నారు. "నేనూ అంతే," అన్నాడు గడియారాలాయన. అని, ఎవరి మొహమూ చూడకుండా బల్ల మీది గడియారం అందుకున్నాడు.

ఆయన భయం ఆయనది. ఆ కొట్టు గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరుకు డబ్బు కడితే గది నీది, లేదంటే ఖాళీ చెయ్యమన్నాడు. కట్టాల్సిన డబ్బంతా మూతల్లోనే ఉంది. గది పోతే ఆ వయసులో మరో చోట బల్ల వేసుకుంటే ఎవరు వెతుక్కుంటూ వస్తారు? ఇంటికెళ్లాడు. ముగ్గురిలో ఎవరో ఒకరు రేపు తనకంటే ముందు అమ్మేస్తారని మనసు పోరుతూనే ఉంది. తను మాట తప్పాలనుకుంటున్నాడు గనక అందరూ తప్పేవాళ్లుగానే కనబడ్డారు మహానుభావుడికి!

సోమవారం షేర్ల బజారు తెరవగానే మొత్తం అమ్మకానికి పెట్టేశాడు. కొనేవాడు లేడు. ఒక కస్టమరు గోడగడియారం తెస్తే సాయంత్రం రమ్మని గుమ్మంలోంచే పంపేశాడు. మళ్లీ ఫోను తెర చూశాడు. ఒక్క షేరు మిగలకుండా అమ్ముడుపోయాయి, అదీ అడిగిన ధరకే.

బతికిపోయానురా దేవుడా అనుకుని కుర్చీలో కూలబడ్డాడు. ముగ్గురి మొహాలూ గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా ఊపిరాడింది కదా, అది చాలనిపించింది.

అంతలో అక్క ఫోను.

"ఒరేయ్ తమ్ముడూ, దొరికిందిరా!"

"ఏంటక్కా?"

"నీ మూతల షేరు! నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ రోజూ అడుగుతూనే ఉన్నా, ఒక్కటి దొరికి చస్తేనా! ఇవాళ ఎవడో పిచ్చి సన్నాసి మొత్తం వదిలించుకున్నాడు. నా ప్రావిడెంటు ఫండు డబ్బంతా పెట్టేశా."

గడియారాలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అక్క జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఆమెకున్నదల్లా ఆ ఫండే. మొన్నామధ్య వాళ్లింట్లో భోజనం చేస్తూ, ఈ షేరు బంగారమని గొప్పలు పోయింది తనే. పోయి, మర్చిపోయాడు.

"అక్కా... ఆ పిచ్చి సన్నాసిని నేనే."

అక్క పకపకా నవ్వింది. "ఊరుకోరా! బంగారమన్నావు, నువ్వెందుకు అమ్ముతావు?"

"భయమేసింది." ఆడిటరు సంగతంతా చెప్పాడు.

నవ్వు ఆగిపోయింది. అటువైపు కూస్తున్న కుక్కరును ఆమె ఆపేసింది. తర్వాత మెల్లగా అంది. "భయమేస్తే ముందు నాకు చెప్పాలి కదరా?"

ఆయనకు ఏడుపొచ్చింది. "రేపు షేర్లు నీ ఖాతాలో పడగానే అమ్మకానికి పెట్టు. నేనే కొంటాను, ఇదే ధరకి."

"మరి నీ కొట్టో?"

ఆయన నోరు తెరిచేలోపే మాస్టారు మెట్లెక్కి గుమ్మంలోకొచ్చాడు, మొహం వెలిగిపోతూ. "చూశావుటోయ్? ధర చెక్కుచెదరలేదు! మనలో ఒక్కరు కూడా అమ్మలేదు! నలుగురం నాలుగు స్తంభాలం!"

"ఎవర్రా అది?" అంది ఫోనులో అక్క.

"మాస్టారక్కా. మళ్లీ ఫోను చేస్తా, ఉండు." గడియారాలాయన ఫోను బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు జరిపాడు.

"కూర్చోండి మాస్టారూ. మీకూ ఒక మాట చెప్పాలి."