వద్దనడానికి వీల్లేని ప్రశ్న

అమెరికాలో, మిల్వాకీలోని మా పిల్లల ఆసుపత్రిలో, జబ్బు చేసిన పిల్లలకు భయం తగ్గించడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఇదే పని మీద ఎం.ఎస్. చదివేవాళ్లు ఆఖరి ఆరు వందల గంటలు నా చేతి కింద నేర్చుకోవాలి. నేను చండశాసనురాలినని వాళ్లంతా చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు.

అలా నేర్చుకోవడానికొచ్చిన మారెన్ అంటే మాత్రం నాకు మొదటి రోజు నుంచే ప్రాణం. ఆ సంగతి దానికి తెలియనివ్వలేదు. ఒకసారి వేరే ఆసుపత్రిలో ఫెయిలై వచ్చింది. ఇక్కడా ఫెయిలైతే పట్టా మాట మరిచిపోవాల్సిందే.

ఆ మంగళవారం దాని చివరి పరీక్ష. ఆరేళ్ల ఒడెట్ చేతికి నర్సు సెలైన్ సూది పెట్టాలి, అందుకు ఆ పిల్లను సిద్ధం చెయ్యాల్సింది మారెన్. మారెన్ గుడ్డబొమ్మకు సూది గుచ్చి చూపించింది, సబ్బు బుడగలు ఊదించింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా నర్సు ట్రే తెచ్చింది.

"ఇప్పుడు పెట్టేద్దామా?" అంది మారెన్ ఒడెట్‌తో.

మేం మొదటి వారంలో నేర్పేదే ఇది: పిల్లలు వద్దన్నా ఆపలేని పనికి వాళ్లను సరేనా అని అడగకూడదు.

"వద్దు," అంది ఒడెట్, చేతులు దుప్పటి కింద దాచేసుకుని.

నర్సు నా వంక చూసింది. నేను కాగితాల్లోకి తల దించుకున్నాను. ఇలాంటప్పుడు చాలామంది చీమ కుట్టినట్టుంటుందంతే అని అబద్ధమాడేస్తారు. మారెన్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నేనలా అడగకుండా ఉండాల్సింది. నువ్వు వద్దన్నా సూది తప్పదు. తప్పు నాదే."

"నొప్పెడుతుందా?"

"ఆ, పెడుతుంది. కాసేపే."

"మరి నా ఇష్టం ఏమీ లేదా?"

"ఉంది. ఏ చెయ్యో, అమ్మ ఒళ్లోనో మంచం మీదో, చూస్తావో కళ్లు మూసుకుంటావో. ఇవన్నీ నీ ఇష్టమే."

ఒడెట్ గుర్రుగా చూసింది. తర్వాత పక్కనే కూర్చున్న అమ్మ ఒళ్లోకెక్కి ఎడమ చెయ్యి చాపింది. వార్డు అదిరేలా ఏడ్చింది గానీ చెయ్యి కదపలేదు.

సాయంత్రం మారెన్ నా గదికొచ్చి, ఫెయిల్ చేస్తారా అని అడిగింది. రేపు చెప్తాను పొమ్మన్నాను. నిజానికి ఏం చెయ్యాలో నాకే తోచలేదు. నియమం నియమమే కదా.

మర్నాడు ఆ సూది ఊడిపోయింది. మళ్లీ పెట్టాలి. ఈసారి బుడగల సీసా పట్టుకుని నేనే వెళ్లాను. ఒడెట్ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వొద్దు. నిన్నటి ఆవిడ తప్పు చేస్తే తప్పని ఒప్పుకుంటుంది. ఆవిణ్ణి పిలువు."

ముందు ఒళ్లు మండింది, వెంటనే కళ్లు చెమర్చాయి. మారెన్‌ని వెతుక్కుంటూ వెళ్లి, పాసయ్యావని చెప్పి, పద, నీకోసం అడుగుతోందన్నాను.