పక్క వాకిళ్లు

మా తమ్ముడు సుభానీ కొట్లో బల్ల కింద నీళ్లు పారుతున్నాయి, నేను కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను, వాడు పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు, వాడికీ తెలుసు, అయినా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఎప్పటిలాగే పాత గేమ్ క్యాసెట్‌కు సోల్డరింగ్ చేస్తున్నాడు, పొగ మాత్రం పైకి పోకుండా నీళ్ల మీద పాకుతోంది.

"అన్నం తిన్నావా?" అంటాను.

"పోయినోడికి కూడా అన్నమేనా అక్కా! నీ కంగారు తగలెయ్య."

ఒళ్లోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెడతాను. పడవ ఆట. పకోడీ పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్న అక్క కూడా చదువుకుంటూ ఆడాలని, అందులోని పరాయి అక్షరాలు చెరిపి తెలుగు మాటలు పెట్టాడు వీడు. పడవవాడు పలికే మూడు మాటలు చదివాను. నాలుగోది రాకముందే వీడికి ఆసుపత్రి.

"ఇది చచ్చిపోయిందిరా. నేనే చంపాను. దుమ్ము పట్టిందని నువ్వు చెప్పినట్టే రబ్బరుతో అడుగునున్న లోహపు పళ్లు రుద్దాను. ఆట పెట్టెలో పెడితే టీవీలో నల్ల తెర. సాయంత్రం పాత క్యాసెట్లు కొనే కరీముల్లా వస్తాడు. సాయం చిప్పున్న బోర్డు బజార్లో దొరకదంట, నీ తెలుగు ఊడదీసి వేరే ఆట వేసుకుంటాడంట. సరేనన్నాను."

సుభానీ కోప్పడడు. కోప్పడితే బాగుండు, ఏడు నెలల బరువు కాస్త దిగేది.

"వాడన్నది నిజమే. నేనూ ఇంకో ఆటను ఊడదీసే దీన్ని చేశా. ఆట చిప్పు మార్చా, పక్కనున్న సాయం చిప్పును మాత్రం ముట్టుకోలా. ఎందుకో తెలుసా? పెట్టె బుర్ర చిన్నది. పడవను ఎదురుగా చూపిద్ది, తిప్పి అవతలి పక్క చూపించమంటే లెక్క తేల్చలేదు. అందుకని క్యాసెట్టే వంటమనిషిని వెంటబెట్టుకొస్తది, అదే సాయం చిప్పు. ఆమె బొమ్మ వండి తన గిన్నెలో పెట్టిద్ది, పెట్టె వచ్చి వడ్డించుకుంటది."

"మరి ఆ గిన్నె పెట్టెకు ఎట్లా అందుతది?"

"ఇప్పుడడిగావు! మామూలు క్యాసెట్‌కు ఒకటే వాకిలి, నడిమి పళ్ల వరస. దీనికి పక్క వాకిళ్లు ఇంకో రెండు. అక్కా, నువ్వు ఏ వాకిలి ఊడ్చావు?"

ముప్పై ఏళ్లుగా ఈ కొట్లో నేను రుద్దినవాటన్నిటికీ నడుమనే పళ్లు అని చెప్పబోతాను, కానీ అప్పటికి కొట్టు పడవై కదులుతోంది, మూడు మూలల రేకులు అతికించినట్టున్న పడవ, అది మెల్లగా తిరిగేసరికి అవతలి పక్కన ఆసుపత్రి మెట్లు, మెట్ల మీద నేనే, చేతిలో ఇడ్లీ పొట్లంతో.

"పది నిమిషాలేరా నేను కిందికి దిగింది, పైకొచ్చేసరికే నువ్వు..." అంటాను.

"తెలుసులే. చట్నీ వేయించుకున్నావా లేదా?"

నవ్వాలో ఏడవాలో తెలియక పొట్లం చాపుతాను, వాడు అందుకోడు, వాడున్న వైపు పడవ నాకు కనపడని పక్కకు తిరిగిపోతోంది.

"ఆ నాలుగో మాటేంటో చెప్పి పోరా!"

"చదువుకో. చదవడం వచ్చుగా," అంటున్న గొంతు నీళ్ల మీద పాకుతూ వస్తుంది.

కరెంటొచ్చి ఫ్యాను కిర్రుమంది. మధ్యాహ్నం మూడు దాటింది. దిండు పక్కన క్యాసెట్ అలాగే ఉంది, ఇచ్చెయ్యాలని నేనే తెచ్చి పెట్టుకున్నది. తిరగేసి వెలుతురులో పట్టాను. అడుగున, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ గోడలతో, మూడు అరలు. నడిమి అరలో పళ్లు నా రుద్దుడుకు తళతళలాడుతున్నాయి. అటు అరలో నాలుగు, ఇటు అరలో నాలుగు, నల్లగా, దుమ్ముతో, ఎవరి చెయ్యీ పడనట్టు.