నానిన ఫిర్యాదు

పోలీసు స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరుగారిని అందరూ చాటుగా 'నాన్చుడు మామ' అంటారు. ఏ కాగితం ఇచ్చినా సొరుగులో పడేసి, "కాస్త నాననివ్వండి, చూద్దాం" అంటాడు మరి.

ఆ పొద్దున ఆయన బల్ల మీదికి ఒక బార్లీ గింజ, గుప్పెడు చుట్టాలను వెంటేసుకుని ఎక్కింది. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు.

"బీరు ఫ్యాక్టరీ నుంచి వస్తున్నామయ్యా. మావాళ్ళను మూడు రోజులు నీళ్ళలో నానబెట్టారు. మొలక కళ్ళు తెరిచిందో లేదో వేడికి మాడ్చారు, నలగ్గొట్టారు, ఉడకబెట్టారు, పులియబెట్టారు. మేం మాత్రం గింజుకుని గింజుకుని బయటపడ్డాం."

"గింజలన్నాక గింజుకోవా?" అని రైటరు తన చమత్కారానికి తానే మురిసిపోయాడు. రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. "సాక్షులు మీరే కదమ్మా, ఎక్కడికీ పోకండి" అంటూ అందర్నీ ఊడ్చి మంచినీళ్ళ సీసాలో పోశాడు.

"అయ్యో, మళ్ళీ నీళ్ళా!" అని గింజలు గొల్లుమన్నాయి.

"కాస్త నానండి, చూద్దాం" అని మూత బిగించి, సొరుగు మూసేశాడు.

మూడు వారాల తర్వాత ఇన్స్పెక్టరు ముక్కు ఎగబీలుస్తూ వచ్చి సొరుగు లాగాడు. ఉద్యోగం ఊడిందనుకుని రైటరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్స్పెక్టరు సీసా ఎత్తి గటగటా తాగేసి, మీసం తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక ఫిర్యాదు నా తలకెక్కడం ఇదే మొదటిసారయ్యా!"