వెనక తలుపు దగ్గర ఎరుపు

నాన్న బొటనవేలి మీద ఎరుపు.

చిటికెడు. గోరు పక్కన. కాఫీ కప్పు అందుకుంటుంటే కనిపించింది.

ఎక్కడ కోసుకున్నాడో ఏమోనని కూతురు గబుక్కున ఆ వేలు పట్టుకుని చూసింది. గాయం లేదు. తుడిస్తే పొట్టులా రాలింది.

రంగు.

బస్సు రంగు.

జానెడు కూడా ఉండదు ఆ బస్సు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, పది ఆదివారాలు కూర్చుని, ఆమే చేసింది. నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన బస్సు — అదే ఎరుపు, అవే గుండ్రటి లైట్లు, ముందొక తలుపు, వెనకొక తలుపు. నాన్నకి చూపు పోయి రెండేళ్ళు. వేళ్ళతో చూస్తాడని చేసింది.

చూశాడు కూడా. కిటికీ పక్క కుర్చీలో, బస్సుని ఒళ్ళో పెట్టుకుని, పొద్దస్తమానం తడిమాడు. తడుముతూ కబుర్లు. బ్రేకు మొరాయించిన రోజు. వానలో వంతెన మీద ఆగిపోయిన రోజు... రెండేళ్ళుగా ఊఁ అంటే ఊఁ, ఆఁ అంటే ఆఁ తప్ప నోరు విప్పని మనిషి, గలగలా మాట్లాడాడు.

ఆ ఎరుపు చూసి ఈమె నోరు జారింది.

"అయ్యో నాన్నా! రంగంతా ఊడగొట్టేశావే!"

అంతే. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

నాన్న బస్సుని తడుముకుంటూ బల్ల మీద పెట్టేశాడు. చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకున్నాడు.

"పాడైపోతుందిలేమ్మా. అక్కడే ఉండనీ."

మర్నాడు ముట్టుకోలేదు. ఆ మర్నాడూ ముట్టుకోలేదు. బస్సు ఆగిపోయింది, కబుర్లూ ఆగిపోయాయి.

ఇప్పుడు నాలుక కరుచుకుని ఏం లాభం? మాట వెనక్కి రాదు.

కానీ రంగు నిలిస్తే... చేయి వెనక్కి వస్తుందేమో.

అసలెందుకు ఊడింది?

ఈ ప్రశ్న ఆమెని వదలలేదు. గిన్నెలు తోముతున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఎందుకంటే, ఆమె పనే అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళుగా చేస్తోంది. ఆ పళ్ళ కింద గులాబీ రంగు చిగుళ్ళు అక్రిలిక్కే. వేడి కాఫీకి చెక్కుచెదరవు. ఏళ్ళ తరబడి నమిలినా అరగవు. రంగు సీసా మీద అదే పేరు కనిపించేసరికి, మనవాడేలే అనుకుంది.

ఇంటిపేరు కలిస్తే చుట్టాలైపోతారా?

రంగుల షాపుకి వెళ్ళింది. ఆ షాపాయన ఎవరేమడిగినా "ఆరనివ్వండి" అంటాడు. గోడకీ అదే మాట, గేటుకీ అదే మాట. అసలు పేరు అందరూ మర్చిపోయారు. వీధి వీధంతా ఆయన్ని 'ఆరనివ్వండి గారు' అనే పిలుస్తుంది.

ఆరనివ్వండి గారు బస్సుని కళ్ళజోడు దగ్గరగా పట్టుకుని చూశాడు. గోటితో గీకాడు. పెచ్చు లేచింది.

"రంగేసే ముందు దీన్నేం చేశారమ్మా?"

"పాలిష్ పట్టానండీ. అద్దంలా వచ్చేదాకా."

ఆయనకి నవ్వాగలేదు. "అద్దంలా ఉంటే రంగు దేన్ని పట్టుకుని వేలాడుతుందమ్మా? కాస్త గరుకుండాలి. రంగుకీ పళ్ళుంటాయి. కొరికి పట్టుకోవాలి."

పళ్ళు!

ఎవరికి చెబుతున్నాడు? పళ్ళు చేసేదానికి!

మరి ఆమె తప్పేముంది... వెంట్రుకవాసి గరుకున్నా నాలుక పసిగట్టేస్తుంది, పళ్ళ సెట్టు తిరిగొచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా నున్నన చేయడమే పని. ఆ చేతికి ఏది దొరికినా నున్నన కావలసిందే. పెన్సిలు, చెక్క గరిటె, చివరికి నాన్న బస్సు.

ఐదు ప్లాస్టిక్ చెంచాలు కొంది.

ఒకటి పాలిష్ పట్టింది. ఒకటి సబ్బుతో కడిగింది. ఒకటి కడిగి, సన్న గరుకు కాగితంతో రుద్దింది. ఒకదానికి ఆ పైన, రంగు పట్టేందుకు అడుగున వేసే ప్రైమర్ వేసింది. ఐదోదానికి ప్రైమరూ, రంగు మీద వార్నిష్ పూతా. అన్నిటికీ అదే ఎరుపు. అన్నీ సంచీలో. బస్సులో కూర్చుని బొటనవేలితో ఒక్కో చెంచానీ రుద్దుతూ పోయేది — లెక్కగా, ఒక్కోదానికి వందసార్లు. పక్క సీటావిడ ఓ చూపు చూసి, కాస్త ఎడంగా జరిగింది.

మొదటిది మొదటి రోజే పోయింది. రెండోది మూడో రోజు. మూడోది, నాలుగోది అంచుల్లో పలచబడ్డాయి. ఐదోది నిలిచింది... వారం. పది రోజులు. ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది.

పదకొండో రోజు పొద్దున్న — జిగట.

నిన్నటిదాకా రాయిలా ఉన్న రంగు, వేలికి అంటుకుంటోంది.

ఏం మారింది? ఏమీ మారలేదే. లేచింది. స్టవ్ వెలిగించింది. చలికి పగులుతాయని రోజూ రాసినట్టే నాన్న చేతులకి లోషన్ రాసింది. ఆ చేతులు కడుక్కోకుండానే చెంచా తీసింది...

లోషన్.

నాన్న రోజంతా బస్సుని తడిమింది ఆ లోషన్ చేతులతోనే. పాలిష్ పట్టింది తను. లోషన్ రాసింది తను. తొందరపడిందీ తనే — ముట్టుకుంటే అంటలేదు కాబట్టి ఆరిపోయిందనుకుంది. ఆరడం వేరట, గట్టిపడడం వేరట, దానికి వారాలు పడుతుందట. ఆరనివ్వండి గారు ఊరికే అనడం లేదు.

నాన్నేమో తప్పంతా తన చేతులదే అనుకుని, వాటిని ఒళ్ళో దాచుకున్నాడు.

ఏడుపొచ్చింది. ఏడ్చింది.

తర్వాత బస్సు రంగంతా గీకేసింది. కడిగింది. తన చేతులతో, పళ్ళు బిగించి, గరుకు చేసింది. ప్రైమర్. పలచటి పూతలు. వార్నిష్. అట్టపెట్టెలో మూడు వారాలు. లోషన్ రాయడం పడుకునే ముందుకి మార్చింది.

ఆ తర్వాతి ఆదివారం, బస్సు తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టింది.

"తప్పు నీ చేతులది కాదు నాన్నా. నాది." మొత్తం చెప్పింది. పాలిష్, లోషన్, చెంచాలు.

"చెంచాలకి రంగేశావా? పిచ్చితల్లీ..."

నవ్వాడు. కానీ చేయి రాలేదు.

ఆమె ఎదురుచూసింది.

ఒక వేలు వచ్చింది. తర్వాత అన్నీ వచ్చాయి.

"గరుగ్గా ఉందే," అన్నాడు నాన్న. "మా బస్సూ ఇంతేనే. ఎప్పుడూ దుమ్ము కొట్టుకుని ఉండేది."

వంతెన మీద వాన మళ్ళీ మొదలైంది.

చలికాలం వెళ్ళింది. రంగు నిలిచింది — లైట్ల మీద, పైకప్పు మీద, స్టీరింగు వైపు కిటికీ మీద. ఒక్క చోట తప్ప. వెనక తలుపు అంచు పలచబడుతోంది.

అక్కడే ఎందుకు?

నాన్న కూర్చునేది ముందు కదా. వెనక తలుపుతో ఏం పని?

గమనించింది. ఏ కబురు మొదలుపెట్టినా మొదట వేలు అక్కడికే వెళ్తోంది. అడిగేసింది.

"వెళ్తోందా?" నాన్నే ఆశ్చర్యపోయాడు. వేలితో ఆ అంచు వెతికి అన్నాడు. "ఆ తలుపుని ఎప్పుడూ అద్దంలోనే చూశానమ్మా. ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తూ ఉండేవాళ్ళు."

"ఎవరు నాన్నా?"

నాన్న వేలు తలుపు అంచు మీదే ఉండిపోయింది.

ఇంకో పూత వార్నిష్ వేస్తే చాలన్నాడు ఆరనివ్వండి గారు. సీసా కొని తెచ్చుకుంది. బ్రష్ కూడా తీసింది. నాన్న వేలి గుర్తుని కప్పేయబుద్ధి కాక, రెండు వారాలుగా ఆ సీసా మూత విప్పలేదు.

ఈ పొద్దున్న కాఫీ కప్పు అందుకుంటుంటే — గోరు పక్కన. చిటికెడు.

'అయ్యో' గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు నాన్నా. కాఫీ వేడిగా ఉంది, జాగ్రత్త... అందరూ ఎక్కేశారా?"

కప్పు పక్కన పెట్టి, నాన్న బస్సు అందుకున్నాడు. బొటనవేలు వెనక తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఒక్క నిమిషం ఉండు," అన్నాడు. "ఇంకొకరు వస్తున్నారు."

ఆ ఎరుపుని ఆమె తుడవలేదు.